కుర్చీ మీద జెర్సీ

పోయిన నెల దిండు గలీబులు కొందామని డర్బన్ గ్రే స్ట్రీట్‌లో ఒక బట్టల కొట్టుకు వెళ్ళాను. ఆ వీధికి పేరు మార్చి చాలా ఏళ్ళయినా మా నోళ్ళకు అది ఇంకా గ్రే స్ట్రీటే. కొట్లో మనిషి లేదు. బల్ల వెనక కుర్చీ, దాని వీపు మీద బూడిదరంగు స్వెట్టరు వేలాడుతోంది. రెండుసార్లు పిలిచాను. పక్కకొట్టు ముసలాయన తల బయటపెట్టి, "ఉంది, ఇక్కడే ఉంది. జెర్సీ కనపడటం లేదూ? వచ్చేస్తుంది, నిలబడు" అని ఇంగ్లీషులో కసిరాడు. స్వెట్టరును ఇక్కడ జెర్సీ అంటారు.

నిలబడ్డాను. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఆ జెర్సీ మోచేతుల దగ్గర కాస్త సాగి ఉంది. దాన్నే చూస్తూ ఉంటే, యాభయ్యేళ్ళు దాటినవాణ్ణి, గలీబులు కొనడానికి వచ్చినవాణ్ణి, నడిబజార్లో నాకు ఏడుపొచ్చింది. ఆ కొట్టావిడ తిరిగొచ్చేలోపు బయటికొచ్చేశాను. గలీబులు ఈ రోజుకీ కొనలేదు.

ఆ జెర్సీ నాకు గుర్తుచేసిన మనిషి పేరు రాయను. రాస్తే ఆమెకి నచ్చదు, పైగా ఆఫీసులో ఆమెను ఎవరూ పేరుతో పిలవలేదు. అందరికీ ఆంటీ. నేనూ మొదటిరోజు ఆంటీ అనే అన్నాను. కళ్ళజోడు ముక్కు చివరికి దించి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఆంటీ అని టాక్సీలో డబ్బులు తీసుకునే గార్డు కూడా అంటాడు. నువ్వు ఇండియా నించి వచ్చినావు, తెలుగు నోరు పెట్టుకున్నావు. పెద్దమ్మ అను."

అప్పటికి ఇక్కడ నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ మనవాళ్ళూ అందరూ కలిసి ఓటు వేసిన మొదటి ఎన్నికలు జరిగి నాలుగైదేళ్ళు అవుతోంది. నేను బెజవాడ నించి వచ్చి ఆరు నెలలు. గ్రీన్‌వుడ్ పార్క్‌లో ఒక గది, డర్బన్ నడిబొడ్డున ఒక ఆఫీసు, కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం ఉద్యోగం. కొత్త రోజులు కదా, అందరికీ పాత కాగితాలు కావాలి. మా తాత ఏ ఓడలో వచ్చాడు, మా అవ్వ ఏ తోటలో చెరుకు కొట్టింది అని అడుగుతూ జనం వచ్చేవారు. కూలీలుగా ఇండియా నించి ఓడల్లో వచ్చినవాళ్ళ రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, అడిగినవాళ్ళకి అడిగిన మనిషిని చూపించే ప్రోగ్రాం తయారుచేయడం మా పని.

పెద్దమ్మ ఆ రిజిస్టర్లు చదివి టైపు చేసేది. అంతకుముందు చాలా ఏళ్ళు బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టింది. కళ్ళు మందగిస్తున్నాయని టైపు నేర్చుకుని ఇటు వచ్చిందట. కళ్ళు మందగించిన మనిషి వందేళ్ళనాటి గుమాస్తాల కోడిగీతలు ఎలా చదివేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఊరి బయట ఇండియన్లు ఉండే చాట్స్‌వర్త్ నించి మినీబస్ టాక్సీలో అందరికంటే ముందు వచ్చేది. రాగానే ఏసీని తిట్టేది. తిట్టి, కుర్చీ మీది జెర్సీ తీసి తొడుక్కునేది. సాయంత్రం దాన్ని మళ్ళీ కుర్చీకే తగిలించి వెళ్ళిపోయేది. అది ఇంటికి వెళ్ళగా నేను చూడలేదు.

"వాట్ కైండ్, బాబూ?" ఇది ఆమె పలకరింపు. ఎలా ఉన్నావు అనడానికి చాట్స్‌వర్త్ వాళ్ళ మాట. బాగున్నాను అంటే నమ్మేది కాదు. "తిన్నావా లేదా? మొహం చూడు, చెరుకు పిప్పి." డబ్బా తెరిచి నా పళ్ళెంలో చేమదుంపల కూర వేసేది. చేమదుంపల్ని జూలూ మాటతో మదుంబీ అనేది. నేను చేమదుంపలు అంటే, "ఎందుకు అంత పొడుగు పేరు పెట్టినారు మీరు, తినేలోగా చల్లారిపోతాది" అని నవ్వేది.

ఆమె తెలుగు నాకు మొదట్లో తమాషాగా ఉండేది. చాలా క్రియలకు చివరి తోకలుండవు, చెప్పాను అనబోయి చెప్పినా అనేది. ఇంగ్లీషు, జూలూ, పక్కింటి అరవం అన్నీ కలిసేవి. మధ్యలో ఉన్నట్టుండి మా తాతల నాటి మాట ఒకటి చెక్కుచెదరకుండా వచ్చేది. తెలుగు చదవడం రాదు, రాయడం రాదు. "నాకు నోట్లోనే ఉంది. అది కూడా కొంచెం. మా అమ్మమ్మ పెట్టి పోయినంత" అనేది.

ఆమెకి ఒక అలవాటుండేది. రిజిస్టర్లో కొత్త మనిషి దగ్గరికి వచ్చినప్పుడల్లా పేరు పైకి చదివేది. తెల్ల గుమాస్తా విన్నదేదో, రాసిందేదో. అది మనిషి పేరుగా మారేదాకా రెండుమూడు రకాలుగా పలికేది. కుదరగానే, "హా, నువ్వా. రా, కూకో" అనేది. అని టైపు చేసేది. రోజుకి నలభై, యాభైమందికి రా, కూకో. మా ఆఫీసులో ఎక్కువమంది కుర్రకారే. వాళ్ళు వెనకాల ఆమెను అనుకరించేవాళ్ళు. నేనూ అనుకరించాను, ఎందుకు దాచడం.

ఆ తర్వాత మా ప్రోగ్రాంను పరీక్షించే పని కూడా ఆమెకే ఇచ్చారు. పరీక్షించడమంటే ఆమె లెక్కలో ముట్టుకోవడం. పెన్సిలు తిరగేసి, తెర మీద ఉన్న ప్రతిదాన్నీ పొడిచి, తర్వాత మౌసుతో నొక్కేది. పేరు, ఓడ, ఊరు, తోట, ఒక్కటీ వదిలేది కాదు. "ముట్టుకోకుండా ఉంది అని ఎలా చెప్తావు?" అని అడిగేది. ఆమె తెర నిండా పెన్సిలు రబ్బరు మరకలే.

మొదట్లో మా ప్రోగ్రాం పెద్ద నత్త. ఒక మనిషిని అడిగితే ఆ మనిషి తాలూకు ఓడను తెచ్చేది. ఓడను తెస్తే అందులో దిగినవాళ్ళందరినీ తెచ్చేది. ఒక్కొక్కరి వెనకా వాళ్ళ ఊరు, ఊరి వెనక ఆ ఊరివాళ్ళు. ఒక్క ముసలమ్మని పిలిస్తే ఓడంతా దిగివచ్చేది. ఈలోగా పెద్దమ్మ లేచి వెళ్ళి టీ పెట్టుకుని, తాగి, కప్పు కడిగి వచ్చేది.

దానికి విరుగుడు నేనే రాశాను. ఆ రోజుల్లో ఇలాంటివి రెడీమేడ్‌గా మాకు దొరికేవి కావు, సొంతంగా రాసుకోవాల్సిందే. రాశానని ఛాతీ విరుచుకుని తిరిగాను కూడా. ఆమెకు అర్థమయ్యేలా చెప్పబోయాను.

"మనిషి వివరాలు తెచ్చినప్పుడు ఊరి వివరాలు తేను పెద్దమ్మా. ఊరి స్థానంలో ఒక డమ్మీని కూర్చోబెడతాను. ప్రాక్సీ అంటారు. దానికి తన నంబరు తప్ప ఇంకేమీ తెలీదు. ఎవరైనా దాన్ని పిలిచి నీ పేరేంటి అని అడిగితే, అప్పుడు డేటాబేసుకు వెళ్ళి అసలుదాన్ని తెస్తుంది. ఎవరూ అడక్కపోతే ఊరికే కూర్చుంటుంది. పని మిగులుతుంది."

ఆమె కళ్ళజోడు పైకి తోసుకుంది. "ఫ్యాక్టరీలో మేము చేసేవాళ్ళం ఇది" అంది.

"ఏది?"

"ఒకతికి ఒంట్లో బాలేదు. బయట గోనె మీద పడుకుంది. సూపర్‌వైజర్ చూస్తే ఉద్యోగం పోతాది. అందుకని ఆమె జెర్సీ కుర్చీ మీద వేస్తాం. వాడు దూరం నించి చూస్తాడు, జెర్సీ ఉంది, మనిషి ఉంది అనుకుంటాడు, పోతాడు. దగ్గరకొచ్చి పేరు పెట్టి పిలిచినాడా, అప్పుడు ఒకతి పరిగెత్తి ఆమెని లేపి తెస్తాది. పిలవలేదా, పడుకోనీ పాపం."

పిలిచేదాకా తేకుండా ఉంచే ఈ పద్ధతిని లేజీ లోడింగ్ అంటారు, దాన్ని అంత చక్కగా చెప్పినవాళ్ళని నేను మళ్ళీ చూడలేదు. ఆ రోజు నించి మా ఆఫీసులో ప్రాక్సీని ప్రాక్సీ అన్నవాడు లేడు. మా జట్టులోని జూలూ కుర్రాడూ, జర్మనీ నించి వచ్చిన పెద్దాయనా అందరూ జెర్సీ అనేవాళ్ళు. "ఆ ఊరు ఇంకా జెర్సీగానే ఉంది, పిలవలేదు" అని మీటింగుల్లో గంభీరంగా చెప్పుకునేవాళ్ళం.

ఒకసారి టీ తాగుతూ ఎన్నికల రోజు సంగతి చెప్పింది. పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నం దాకా లైన్లో నిలబడిందట. మోకాళ్ళ నొప్పులు. వెనకున్న పిల్లెవరో, "ఆంటీ, నీ చోటు నేను చూస్తాను, వెళ్ళి నీడలో కూర్చో" అంది. "ఆయికోనా" అందట పెద్దమ్మ. ఆయికోనా అంటే కుదరనే కుదరదని. "ఇన్నేళ్ళు మా బదులు ఎవరో ఒకరు నిలబడినారు బాబూ. ఆ రోజు కూడా జెర్సీ వేసి పోతానా?"

ప్రతి సోమవారం పొద్దున ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి ఒకటే ప్రశ్న అడిగేది. "మా ఓడ వచ్చిందా బాబూ?"

ఆమె అమ్మమ్మ వచ్చిన ఓడ రిజిస్టరు మా వాటాలో లేదు. పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఇంకో జట్టు దాన్ని ఎక్కిస్తోంది. అసలు పుస్తకం పొడిపొడిగా రాలిపోతోందని ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు. వాళ్ళు ఎక్కించి పంపాలి, నేను మా యంత్రంలోకి దింపాలి. "రాలేదు పెద్దమ్మా" అనేవాణ్ణి. "సరే. సముద్రం పెద్దది" అని వెళ్ళిపోయేది.

ఆమెను పెంచింది ఆ అమ్మమ్మే. కూలీలకు ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చేవాళ్ళు. అమ్మమ్మ నంబరు పెద్దమ్మకు నోటికి వచ్చు, పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పేది. ఊరు పేరు మాత్రం రాదు. ముసలావిడ ఎప్పుడూ "మా ఊరు, మా ఊరు" అనేదట గానీ పేరు చెప్పలేదు, పిల్లలు అడగలేదు.

"అడగాలి అని ఎవరికి తెలుసు? అమ్మమ్మ ఉంది కదా, ఎక్కడికి పోతాది అనుకున్నాం."

ఎందుకు పెద్దమ్మా ఇప్పుడు ఆ ఊరు, అని ఒకసారి అడిగాను. జవాబు చెప్పే ముందు జెర్సీ గుండీలు పెట్టుకుంది, పైనుంచి కిందిదాకా.

"అమ్మమ్మ పధ్నాలుగేళ్ళ పిల్ల. వాళ్ళ చెల్లి ఐదేళ్ళది, ఆరేళ్ళది. ఇద్దరూ మేకని మేపుతా ఉన్నారు. ఎవరో మనిషి వచ్చి పిలిచినాడు, పని ఉంది, ఇక్కడే, దగ్గరే అని. అమ్మమ్మ మేక తాడు చెల్లి చేతికి ఇచ్చింది. 'పట్టుకో గుంటా, వదలొద్దు, ఇప్పుడే వస్తా' అని చెప్పింది. పోయింది. రైలు, ఓడ, చెరుకు. అంతే."

గుంట అంటే మా వైపు గొయ్యి. ఆమె అమ్మమ్మ వైపు చిన్నపిల్ల.

"చచ్చిపోయే ముందు అమ్మమ్మ చెరుకు గురించి చెప్పలేదు, తాత గురించి చెప్పలేదు. 'ఆ గుంట ఇంకా తాడు పట్టుకుని నిలబడి ఉంటాది, వదలొద్దు అని నేనే చెప్పినా' అని అదే ఏడుపు. నాకు చెప్పింది, నువ్వు పో, ఇంక రాను అని చెప్పు, తాడు వదిలెయ్యమను అని. సరే అన్నా. పన్నెండేళ్ళు నాకు. ఎలా పోతా? అప్పుడు మాకు ఇండియా దారి మూసేసి ఉంది. ఇప్పుడు తెరిచినారు."

"ఆ పాప ఎప్పుడో పోయుంటుంది కదా పెద్దమ్మా."

"నాకు తెలుసు లే. నేను పిచ్చిదాన్నా? అయినా చెప్పాలి కదా. సరే అన్నా కదా."

చేతిసంచిలోంచి బ్రెడ్డు ప్లాస్టిక్ కవరు తీసి చూపించింది. అందులో కొత్త పాస్‌పోర్టు. మూడు వారాల సెలవు కూడబెట్టి ఉంచింది. ఆమె మాటతీరు చూస్తే విశాఖపట్నం వైపు అయ్యుంటుందని నాకు తోచింది. అదే చెప్పాను, ఏదో పెద్ద సాయం చేసినవాడిలాగా.

"వైపుకి బస్సు ఉంటాదా బాబూ?" అని అడిగింది.

ఆ ఓడ ఒక శుక్రవారం వచ్చింది. డేటా యంత్రంలోకి దిగేసరికి మధ్యాహ్నమైంది. పెద్దమ్మ భోజనాల గదిలో ఉంది. ఆమెకు తెలియకుండా కాగితం తీసి, చక్కగా అచ్చు వేయించి, చేతిలో పెట్టాలని నా ఆరాటం. ఆమె మొహం వెలగడం నేను చూడాలి. నంబరు కొట్టాను. తెర మీద మనిషిని తెరిచి, ఒక్కొక్కటీ ముట్టుకుని చూసి, అప్పుడు అచ్చు వేయడం ఆమె పద్ధతి. నేను తెర తెరవనేలేదు, నేరుగా అచ్చుకు పంపాను.

కాగితం వచ్చింది. పేరు ఉంది. వయసు పధ్నాలుగు. ఎత్తు, ఎడమ చేతి మీద మచ్చ, ఓడ పేరు, చెరుకు తోట పేరు అన్నీ ఉన్నాయి. ఊరు అన్న చోట, నమోదు కాలేదు.

నా ప్రాణం ఉసూరుమంది. కానీ ఆశ్చర్యం కలగలేదు. అలాంటివి చాలా ఉండేవి. గుమాస్తాకు వినపడకపోతే, బద్ధకమైతే, వదిలేసేవాడు. అదీ అలాంటిదే అనుకున్నాను. ఇంకోసారి చూద్దామని కూడా అనిపించలేదు.

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కాగితం ఇచ్చాను. నిలబడే చదివింది. పేరు దగ్గర ఆగి, "హా, నువ్వా. రా, కూకో" అంది. ఆ కంఠం నేను అంతకుముందు వినలేదు. చివరిదాకా వెళ్ళి, జేబులోంచి పెన్సిలు తీసి, తిరగేసి, ఆ రెండు మాటల మీద పెట్టింది.

"కాలేదు అంటే లేదు అనా?"

"చాలామందికి లేదు పెద్దమ్మా. గుమాస్తా రాసుకోలేదు."

"అమ్మమ్మ చెప్పింది లేదు. గుమాస్తా రాసింది లేదు." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పాస్‌పోర్టులో దోపి, బ్రెడ్డు కవర్లో పెట్టింది. "సరే బాబూ. నువ్వు కష్టపడినావు."

వెళ్ళి కుర్చీలో కూర్చుని తర్వాతి మనిషిని తెరిచింది. ఆ సాయంత్రం దాకా ఆమె ఎవరినీ కూకోమనడం నాకు వినపడలేదు.

ఏ తెరనూ నమ్మని మనిషి, ప్రతిదాన్నీ పెన్సిలుతో పొడిస్తే తప్ప ఒప్పుకోని మనిషి, ఆ ఒక్క కాగితాన్ని ముట్టుకుని వదిలేసింది. నేను ఇచ్చానని.

ఒకసారి అడిగింది, అదీ చెప్పాలి. వారం పదిరోజుల తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. సోమవారమే. "బాబూ, తప్పుగా అనుకోవద్దు. నువ్వు దాన్ని సరిగా పిలిచినావా?"

నాకు రోషం వచ్చింది. ఆ ప్రోగ్రాం నాది. దాని గురించి బయటి ఊళ్ళ వాళ్ళు కూడా మెచ్చుకుంటున్న రోజులు. "పిలిచాను పెద్దమ్మా. లేని ఊరిని నేనెక్కడ నించి తెస్తాను?" అన్నాను, ఆమె మొహం చూడకుండా, కీబోర్డు మీది చేతులు తీయకుండా. "యెబో, యెబో, సరే సరే, ఊరికే అడిగినా" అని వెళ్ళిపోయింది. ఒక్క నిమిషం పని అది. తెర తెరిచి, ఊరు మీద నొక్కితే సరిపోయేది.

మూడు వారాల సెలవూ ఇంట్లోనే గడిపింది. గేటుకు ఆకుపచ్చ రంగు వేసింది. తిరిగొచ్చినప్పుడు గోళ్ళ సందుల్లో ఇంకా ఆ రంగు ఉంది. ఆఫీసులో ఎవరో, ఇండియా వెళ్ళలేదా ఆంటీ అన్నారు. "వెళ్ళి బస్సు అతనికి ఏం చెప్పాలి? ఇండియా ఒకటి ఇవ్వు అనాలా?" అంది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మా ఓడ వచ్చిందా అని అడిగేవాళ్ళు లేక నా సోమవారాలు ఖాళీ అయ్యాయి. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు అది హాయిగానే ఉండేది.

చలికాలం వచ్చింది. ఒక సోమవారం పొద్దున నేను వెళ్ళేసరికి ఆమె కుర్చీలో లేదు. జెర్సీ ఉంది. టీ పెట్టుకుంటోంది కాబోలనుకున్నాను. నా తర్వాత వచ్చినవాళ్ళూ అలాగే అనుకున్నారు. ఒకడు వంటగదివైపు చూసి, "ఆంటీ, నాకూ ఒక కప్పు" అని కేకేశాడు కూడా. పదింటికి ఫోను వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం మంచం మీద నడుము వాల్చి, మళ్ళీ లేవలేదట. గుండె. పొద్దుటినించి రెండు గంటలు మేము జెర్సీని చూసి మనిషి ఉందనుకున్నాం.

ఆ తర్వాత పది రోజులకి స్టాంగర్ నించి ఒకావిడ వచ్చింది. కౌంటరు దగ్గర రెండు కాగితాలు పరిచి గొడవ పెట్టుకుంది. "మీ అమ్మాయి తెర మీద చూపించినప్పుడు మా తాతకి ఊరు ఉంది. చేత్తో రాసుకున్నా. పోయిన వారం మీరు అచ్చువేసి పోస్టులో పంపిన కాగితంలో లేదు. ఏది నిజం?"

కోడు తెరిచాను. పావుగంట పట్టలేదు. అచ్చువేసే చోట నేను ఊరిని పద్ధతిగా పిలవలేదు. పిలిస్తే ప్రాక్సీ వెళ్ళి అసలు ఊరిని తెచ్చేది. తొందరలో, పిలవకుండా, సరాసరి దాని లోపలి గడిలోకి చూసేశాను. ఇంకా ఎవరూ పిలవని ప్రాక్సీలో ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉంటే నమోదు కాలేదని వేయమని కింది వరసలో నేనే రాశాను. పేరు పెట్టి పిలవకుండా జెర్సీ జేబులో చెయ్యి పెట్టి ఊరిని వెతికానన్నమాట. పరీక్షల్లో ఎందుకు బయటపడలేదంటే, పెద్దమ్మ ప్రతి ఊరినీ తెర మీద ముట్టుకున్నాకే అచ్చుకు పంపేది. ఆమె ముట్టుకున్న ఊళ్ళన్నీ అప్పటికే వచ్చి కూర్చుని ఉండేవి. ఆమె ఉండగా, ఆమె ముట్టుకోకుండా అచ్చుకు వెళ్ళింది వాళ్ళ అమ్మమ్మ ఊరు ఒక్కటే.

ఆ వరస సరిదిద్దాను. తర్వాత అమ్మమ్మ నంబరు కొట్టాను. నాకూ నోటికి వచ్చేసింది కదా. తెర తెరిచి ఊరు మీద నొక్కాను.

తాటిపాలెం. అనకాపల్లి తాలూకా.

గుమాస్తా ఎంత చక్కగా రాశాడో. ఒక్క అక్షరం తప్పు లేదు.

పోయినవాళ్ళకు ఇక్కడివాళ్ళు చేసే పదహారో రోజు పూజకి చాట్స్‌వర్త్ వెళ్ళాను. ఒక చేతిలో కొత్త కాగితం, ఇంకో చేతిలో సంచీ. సంచిలో ఆమె కప్పు, పెన్సిలు, జెర్సీ. ఆకుపచ్చ గేటు తీసుకుని లోపలికెళ్ళాను. అరటాకులో మదుంబీ కూర, పుల్లటి గంజి పెట్టారు. పెద్దమ్మకు పిల్లల్లేరు. భర్త ఎప్పుడో పోయాడు. చెల్లెలితో కలిసి ఉండేది. ఆ చెల్లెలు అక్క కంటే బక్కపలచని మనిషి, అక్క చీర కట్టుకుని మూలన కూర్చుని ఉంది. జరిగిందంతా చెప్పాలనే వెళ్ళాను. టాక్సీలో మాటలు కూడా కూర్చుకున్నాను.

కాగితం ఆమె చేతిలో పెట్టాను. ఊరి పేరు చూసి నా వైపు చూసింది.

"ఎప్పుడు దొరికింది ఇది?"

నోరు తెరిచాను. "ఇప్పుడే" అన్నాను.

"అయ్యో అక్కా." ఆమె గోడ మీది అక్క ఫోటో వైపు తిరిగింది. "పదిహేను రోజులు ఆగితే నీదేం పోయింది?"

అబద్ధం ఒక్క మాటే. నోరు దాటింది, వెనక్కి తెచ్చుకోవడం నా చేత కాలేదు. వెళ్ళేటప్పుడు ఆవిడ గేటు దాకా వచ్చి సంచీ తిరిగి నా చేతికిచ్చింది. కప్పూ పెన్సిలూ తీసుకుంది, జెర్సీ వదిలేసింది.

"నువ్వు ఇండియా పోతావు కదా. తీసుకపో. అక్క పోలేదు, ఇది పోనీ. అక్కడ ఆ మాట చెప్పు. నీకు తెలుసు కదా, ఏం చెప్పాలో."

తెలుసన్నాను.

మరుసటి ఏడు మే నెలలో సెలవు మీద వెళ్ళాను. బెజవాడలో రైలెక్కి అనకాపల్లిలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. నిప్పులు చెరిగే ఎండలో ఉన్ని జెర్సీ చంకన పెట్టుకుని తిరుగుతున్న నన్ను చూసి ఆటో అతను రెండుసార్లు వెనక్కి తిరిగాడు. తాటిపాలెంలో మేకలేవీ కనపడలేదు. ఒక ఎస్టీడీ బోర్డు, రెండు మోటారుసైకిళ్ళు, ఒక బోరింగు పంపు. పెంకుటింటి అరుగు మీద ఒక ముసలావిడ చాటలో చింతపండు పోసుకుని పిక్కలు తీస్తోంది. ఊళ్ళో ఇంకెవరూ బయట లేరు.

"ఎవులు బాబూ? ఎవుల తాలూకు?" అంది.

ఎవరి తాలూకని చెప్పను? ఎండలో నిలబడే మొత్తం చెప్పాను. మేక, తాడు, ఓడ, చెరుకు, పన్నెండేళ్ళ పిల్ల సరే అన్న మాట. చింతపండు చేతులతోనే విన్నది. మధ్యలో అయ్యయ్యో అంది. అయిపోయాక నా చేతిలోని జెర్సీని చూసింది.

"ఆ గుంట ఎప్పుడో కాలం చేసుంటాది బాబూ. మా యత్తమ్మ నాటి మాట. అది సరే. మరి ఆ మనవరాలే రావాల్సింది కదా. నిన్నంపిందేటి?"

"పోయింది అవ్వా."

"అయ్యో. పోకముందర రాలేకపోనాదా? దారి తెరిసినారంటివి."

"ఈ ఊరు లేదని చెప్పారు ఆమెకి."

"లేకపోటమేటి? ఊరు ఇక్కడే ఉంది కదా. ఎవులు సెప్పినారు?"

తాటిపాలెం నడివీధిలో నిలబడి, ఏడాదిగా ఎవరికీ చెప్పనిది, ముక్కూమొహం తెలియని ముసలమ్మకి చెప్పాను.

"నేనే."

ఆమె చేతులు ఆగాయి. చీర కొంగుకి చేతులు తుడుచుకుంది. తిడుతుందేమోనని చూశాను, తిడితే బాగుండునని కూడా అనిపించింది. చాట పక్కకు జరిపి, అరుగు మీద చేత్తో దుమ్ము తుడిచింది.

"రా, కూకో" అంది.

జెర్సీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.